నొప్పి ఎన్ని రోజులుంటుంది?

సాత్విక స్కూలు నుంచి ఫోను వచ్చేటప్పటికి సాయిసుధ నోయిడా ఆఫీసు ఆరో అంతస్తులో మీటింగులో ఉంది. నెలసరి రెండో రోజు. నడుము విరిగిపోతున్నట్టుంది. ఆ సంగతి పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు కూడా తెలియనివ్వకుండా ఎదురుగా తెర మీద అంకెలు చదువుతోంది.

"మ్యామ్, సాత్విక సిక్ రూంలో ఉంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. వచ్చి తీసుకెళ్తారా?" అంది క్లాస్ టీచరు హిందీలో.

పాపకు ఒంట్లో బాగాలేదని మేనేజరుకు చెప్పి, సాయిసుధ కిందికి దిగి క్యాబ్ ఎక్కింది. సెక్టర్ అరవై రెండు నుంచి స్కూలున్న వైశాలికి మామూలుగా ఇరవై నిమిషాలు. ఆ రోజు హైవే మీద బళ్లు కదలక నలభై పట్టింది. దారిలో బ్యాగు తీసి ఒక నొప్పి మాత్ర మంచినీళ్లు కూడా లేకుండా మింగింది. పొద్దున్నుంచి ఆమె తిన్నది రెండు బిస్కెట్లు.

సాయిసుధది జనగామ. వయసు నలభై ఒకటి. హైదరాబాదులో ఉద్యోగం మొదలుపెట్టి, భర్త ఆదిత్యకు గుర్గావ్‌లో పని దొరకడంతో ఇటు వచ్చేసింది. వచ్చి పదిహేనేళ్లయింది. కూతురు సాత్విక ఇక్కడే పుట్టింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

సిక్ రూంలో మంచం మీద సాత్విక మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద సగం తాగిన వాము నీళ్లు. గదిని చూసుకునే ఆయమ్మ పిల్ల వీపు నిమురుతోంది.

"మమ్మా, బహుత్ దర్ద్ హో రహా హై," చాలా నొప్పిగా ఉందని అంది సాత్విక కళ్లు తెరవకుండానే.

గుమ్మం దగ్గర పీటీ సారు నిలబడి ఉన్నాడు. "ఇవాళ ఖో-ఖో టీం సెలక్షన్, మ్యామ్. మంచి ప్లేయరు. కానీ ప్రతి నెలా ఇదే సాకు. మిగతా ఆడపిల్లలు ఆడటం లేదా? కొంచెం స్ట్రాంగ్ చేయండి," అన్నాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆ మాట విని సాత్విక గోడవైపు తిరిగింది. సాయిసుధ మంచం దగ్గరికి వెళ్లింది. కూతుర్ని లేపి, స్కర్టు సర్ది, భుజం పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ గేటు దాకా తీసుకొచ్చింది. ఇద్దరూ ఒకేలా కొద్దిగా ముందుకు వంగి నడుస్తున్నారని దారిలో ఎవరైనా చూసి ఉంటే గమనించేవారేమో.

ఇంటికొచ్చాక పిల్లకు పాలూ బ్రెడ్డూ పెట్టి, హాట్ వాటర్ బ్యాగులో నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పొట్ట మీద పెట్టింది. సాత్విక కాసేపు నిద్రపోయింది. సాయంత్రం జనగామ నుంచి అమ్మమ్మ కాంతమ్మ వీడియో కాల్ చేసింది. మనవరాలి మొహం చూడగానే ఆమెకు విషయం అర్థమైంది.

"బైటున్నదా? గట్లనే ఉంటది బిడ్డా మొదట్ల. ఓమ నీళ్లు తాపు, జర బెల్లం పెట్టు. గోలీలు మాత్రం ఎయ్యకు. గర్భసంచి ఖరాబైతదట. పెండ్లయి పిల్లలు పుడితే అదే సాఫైతది," అంది.

"సరేనమ్మా," అంది సాయిసుధ. ఈ మాటలు ఆమెకు కొత్తవి కావు. తొమ్మిదో తరగతిలో ఉండగా తనకూ ఇవే చెప్పింది అమ్మ.

ఫోను పెట్టేశాక కూతురి పక్కన మంచం మీద కూర్చుని జుట్టు సవరిస్తూ, "కొంచెం ఓర్చుకోవాలి నాన్నా. రెండు మూడేళ్లలో అలవాటైపోతుంది," అంది.

సాత్విక తల తిప్పి చూసింది. వెక్కిరింపు లేదు, ఉత్త ప్రశ్న.

"ఆప్‌కో ఆదత్ హో గయీ, మమ్మా?"

నీకు అలవాటైందా అని అడిగింది పిల్ల. అయిందని చెప్పడానికి నోరు తెరిచింది సాయిసుధ. ఆ క్షణంలో మాత్ర మహిమ అప్పటికే తగ్గిపోయి, వెన్ను కిందినుంచి ఎడమ తొడ దాకా ఎవరో తాడు పెట్టి గుంజుతున్నట్టుంది. అబద్ధం నోట్లోంచి రాలేదు.

"రేపు శనివారం కదా, డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది చివరికి.

*

డాక్టర్ రేణు త్యాగి క్లినిక్ సెక్టర్ మూడు మార్కెట్లో మిఠాయి దుకాణం పైన ఉంటుంది. మెట్లెక్కుతుంటే నెయ్యి వాసన వెంట వస్తుంది. డాక్టరుకు యాభై అయిదేళ్లుంటాయి. తెల్లబడిన జుట్టును పొట్టిగా కత్తిరించుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చూస్తుంది. సాయిసుధ చెప్పడం మొదలుపెట్టబోతే చెయ్యి చూపి ఆపింది.

"మీరు తర్వాత. నొప్పి ఎవరిదో వాళ్లే చెప్పాలి," అని హిందీలో అని, సాత్విక వైపు తిరిగింది. "చెప్పు బేటా. పీరియడ్స్ ఎప్పుడు మొదలయ్యాయి?"

"ఏడో క్లాసులో."

"నొప్పి అప్పటినుంచే ఉందా?"

"లేదు. ఒక సంవత్సరం తర్వాత."

"బ్లీడింగు కంటే ముందు వస్తుందా, వెనక వస్తుందా?"

సాత్విక ఆలోచించింది. "ఆ రోజే. ఒక్కోసారి రెండు గంటలు ముందు."

"నొప్పి ఎన్ని రోజులుంటుంది?"

"ఒక రోజు. రెండో రోజు సాయంత్రానికి తగ్గిపోతుంది."

"నెల మధ్యలో ఏమైనా?"

"ఏమీ ఉండదు. బాగా ఆడుకుంటా."

ఆస్తమా ఉందా, ఏ మందైనా పడదా, కడుపులో మంట ఉందా, ప్యాడ్ ఎన్ని గంటలకు మారుస్తావు, విరేచనాలవుతాయా, స్కూలు ఎన్ని రోజులు పోతోంది — ఒక్కొక్కటే అడిగి రాసుకుంది డాక్టరు. తర్వాత పెన్ను కింద పెట్టి తన చేతిని పిడికిలి బిగించి చూపించింది.

"గర్భసంచి ఇంతే ఉంటుంది. ఇది ఒక కండరం. లోపల నెలనెలా ఒక పొర తయారవుతుంది. అక్కర్లేనప్పుడు దాన్ని బయటికి పంపాలి. ఆ పంపడానికి ఆ పొరలోనే ఒక పదార్థం ఊరుతుంది. ప్రోస్టాగ్లాండిన్ అంటారు. అది 'బిగించు, వదులు, బిగించు, వదులు' అని ఈ కండరానికి చెబుతుంది." ఆమె పిడికిలి మూసి తెరిచింది. "కొందరికి అది ఎక్కువ ఊరుతుంది. అప్పుడు ఇది మరీ గట్టిగా బిగుసుకుంటుంది. కాసేపు దానికి రక్తం కూడా సరిగా అందదు. అదే నీ నొప్పి. ఆ పదార్థమే పేగుల మీదా పనిచేస్తే వాంతులూ విరేచనాలూ. అర్థమైందా?"

"అంటే నాకు ఏ జబ్బూ లేదా?"

"నువ్వు చెప్పిందాన్ని బట్టి లేదు. కానీ నొప్పి నిజం. ఈ రెండు ముక్కలూ ఎవరడిగినా కలిపే చెప్పు. ఒకటి చెప్పి ఒకటి వదిలేయకు."

సాత్విక మొహంలో నిన్నటి నుంచి ఉన్న బిగువు కొంచెం సడలింది. సాయిసుధ అడిగింది: "మా అమ్మ మాత్రలు వేస్తే గర్భసంచి పాడవుతుందంటుంది డాక్టర్."

"పాడవదు. ఈ మాత్ర ఏం చేస్తుందంటే, ఆ పదార్థం ఊరకుండా ఆపుతుంది. ఊరిపోయిందాన్ని వెనక్కి లాగలేదు. అందుకని నొప్పి భరించలేనంత అయ్యాక మింగితే సగమే పనిచేస్తుంది. పాలు పొంగాక మంట తగ్గించి ఏం లాభం? మొదలవుతోందని తెలియగానే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. రాసినన్ని గంటలకొకసారి, ఒకటి రెండు రోజులు. అంతే. ఖాళీ కడుపుతో ఎప్పుడూ వద్దు."

నిన్న క్యాబులో తను మింగిన మాత్ర సాయిసుధకు గుర్తొచ్చింది.

వేడి కాపడం నిజంగానే మంచిదనీ, కండరం వదులవుతుందనీ, మరీ వేడిగా చర్మం కాలేలా పెట్టుకోవద్దనీ చెప్పింది డాక్టరు. ఆటలు మానక్కర్లేదు, ఆడే పిల్లలకు నొప్పి తక్కువగా ఉండటమే తను చూసిందని అంది. వాము నీళ్లు తాగాలనిపిస్తే తాగొచ్చు, హాని లేదు, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దంది. స్కానింగ్ ఇప్పుడే అవసరం లేదు. మూడు నెలలు ఇలా చేసి చూసి, తగ్గకపోతే రావాలి.

"ఇంకొక మాట, బేటా. కొన్ని ఉంటే మాత్రం మూడు నెలలు ఆగొద్దు, వెంటనే రావాలి. బ్లీడింగుకు మూడు నాలుగు రోజుల ముందునుంచే నొప్పి మొదలైనా, అయిపోయాక కూడా ఉండిపోయినా. ఏడాదికేడాది పెరుగుతున్నా. నెల మధ్యలో కూడా వస్తున్నా. ఆ రోజుల్లో టాయిలెట్‌కు వెళ్తే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా. పెద్దపెద్ద గడ్డలు పడుతున్నా. మాత్ర సరిగ్గా వేసుకున్నా పనిచేయకపోయినా. అప్పుడు అది మామూలు నొప్పి కాదు. లోపల ఇంకేదో ఉందని."

సాత్విక వింటూ వింటూ వేళ్లు మడుస్తోంది. నాలుగో వేలు దగ్గర ఆగిపోయి తల్లివైపు తిరిగింది.

"మమ్మా, యే తో ఆప్‌కా హై."

ఇవన్నీ నీకున్నవే కదా అంటోంది పిల్ల. కింద మిఠాయి దుకాణంలో జిలేబీ కళాయి చప్పుడు వినిపిస్తోంది.

"ఏం లేదు డాక్టర్, నాకు అలవాటే," అంది సాయిసుధ నవ్వబోతూ.

"మమ్మా ఝూఠ్ బోల్ రహీ హై," అమ్మ అబద్ధం చెబుతోంది అంది సాత్విక. అని, డాక్టరు తనను ఎలా అడిగిందో ఆ వరసలోనే చెప్పడం మొదలుపెట్టింది. మమ్మీకి నాలుగు రోజుల ముందునుంచే నడుం నొప్పి. బాత్రూంలో కుళాయి తిప్పి పెట్టి కూర్చుంటుంది, లోపల మూలుగు వినపడకూడదని. రెండో రోజు మంచం మీద కాకుండా చాప వేసుకుని నేల మీద పడుకుంటుంది. పప్పాకు మైగ్రేన్ అని చెబుతుంది. ఇదంతా పిల్ల హిందీలో గడగడా చెబుతుంటే, తన సంసారంలో తను దాచాననుకున్నదంతా పక్కగదిలో ఒకరు వింటూనే ఉన్నారన్న సంగతి సాయిసుధకు తెలిసి, సిగ్గో, దుఃఖమో, ఏమిటో తెలియని దాంతో తల దించుకుంది.

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎన్నేళ్లుగా?"

"స్కూల్లోనే మొదలైంది, కాలేజీ నుంచి ఇంత ఎక్కువ. పాప పుట్టాక రెండేళ్లు తగ్గింది. మళ్లీ మొదలైంది."

"పాప ఎప్పుడు పుట్టింది? పెళ్లయిన వెంటనేనా?"

"ఆరేళ్లకు. హైదరాబాదులో చాలామందికి చూపించుకున్నాం. మందులూ ఇంజెక్షన్లూ."

"అప్పుడు ఈ నొప్పి గురించి చెప్పలేదా?"

సాయిసుధ ఆలోచించింది. ఆ ఆరేళ్లలో వాళ్లంతా తేదీలు అడిగారు, రిపోర్టులు అడిగారు, పిల్లలు కావాలని ఎన్నాళ్లుగా అనుకుంటున్నారని అడిగారు. ఇంట్లో అత్తగారు కూడా పిల్లల గురించే అడిగింది. నొప్పి ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. ఎవరూ అడగనిది చెప్పుకోవాల్సినంత పెద్ద విషయమని ఆమె అనుకోలేదు.

"లేదు," అంది.

"ఎవరు చెప్పారు మీకు ఇది ఓర్చుకోవాలని?"

"ఎవరని చెప్పను డాక్టర్? అందరూ."

డాక్టరు తలూపింది. సాత్వికను బయట కుర్చీలో కూర్చోబెట్టి, సాయిసుధను పరీక్ష చేసింది. స్కానింగుకు రాసింది. "మీ అమ్మగారికిగానీ, అక్కచెల్లెళ్లకుగానీ ఇలాంటిది ఉందేమో కనుక్కోండి. కుటుంబాల్లో వస్తుంది," అని కూడా చెప్పింది.

*

స్కానింగు బుధవారం అయింది. ఎడమవైపు అండాశయంలో నాలుగున్నర సెంటీమీటర్ల సిస్టు ఉంది. గర్భసంచి ఆ పక్కకు లాగినట్టు అతుక్కుని ఉంది. డాక్టర్ త్యాగి ఆ నలుపూ తెలుపూ బొమ్మను వెలుతురుకు పట్టి చూపించింది.

"గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట కూడా పెరుగుతోంది. అండాశయం మీద, పేగుల దగ్గర. అక్కడ కూడా నెలనెలా వాపు వస్తుంది, రక్తం ఊరుతుంది, కానీ బయటికి పోయే దారి ఉండదు. అక్కడే గడ్డకట్టి, చుట్టూ ఉన్నవన్నీ అతుక్కుపోతాయి. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ఎంత ఓర్చుకున్నా తగ్గే నొప్పి కాదు ఇది. క్యాన్సర్ కాదు, భయపడకండి. ముందు హార్మోన్ మాత్రతో ఆ పెరిగేదాన్ని నిద్రపుచ్చుదాం. ఆరు నెలల తర్వాత చూసి, అవసరమైతే ఆపరేషన్ మాట ఆలోచిద్దాం."

సాయిసుధ భయపడలేదు. మెట్లు దిగి వస్తుంటే ఆమెకు విచిత్రంగా తేలిగ్గా అనిపించింది. ఇన్నేళ్లూ తను కాస్త మెత్తటి మనిషిననీ, మిగతా ఆడవాళ్లకున్న ఓర్పు తనకు లేదనీ లోలోపల అనుకుంటూ వచ్చింది. నాలుగున్నర సెంటీమీటర్లు. అది మెత్తదనం కాదు.

ఆ సాయంత్రం ఆదిత్య గుర్గావ్ నుంచి మెట్రోలో వచ్చి, వంటింట్లో నిలబడి రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"మైగ్రేన్ అన్నావు కదా సుధా?"

"ఆఫీసులో అలా చెప్పడం మొదలుపెట్టాను. ఇంట్లో కూడా అదే నోటికొచ్చింది."

"ఇరవై ఏళ్ల నుంచి నేను నీకు తలకి రాసుకునే బామ్ తెస్తున్నా," అన్నాడు. నవ్వొచ్చేలా ఉంది ఆ మాట, కానీ ఇద్దరూ నవ్వలేదు. "నేనడిగుండాల్సింది."

"అడిగినా చెప్పేదాన్ని కాదేమో."

"అయినా సరే," అన్నాడు అతను. తర్వాత కుక్కర్ దించి, అన్నం వడ్డించాడు.

భోజనాలయ్యాక సాయిసుధ జనగామకు ఫోను చేసింది. డాక్టరు అడిగిన మాట అమ్మను ఎలా అడగాలో తెలియక, నాలుగు అటూ ఇటూ మాట్లాడి, చివరికి సూటిగానే అడిగేసింది.

"అమ్మా, నీకు కడుపుల ఆపరేషన్ అయింది గదా. గది ఎందుకు చేసిన్రు?"

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. కాంతమ్మ దాన్ని కట్టేసినట్టుంది.

"గిప్పుడు గదెందుకే?"

"డాక్టరమ్మ అడిగింది. నా లోపల ఒక గడ్డున్నదట. మన ఇంట్ల ఎవరికన్న ఉన్నదా అని అడగమన్నది."

"గడ్డనా?" కాంతమ్మ గొంతు మారిపోయింది. "నాకు గట్లనే అన్నరు బిడ్డా. గర్భసంచి తీసేసిన్రు. అప్పటికి నాకు ముప్పై ఆరు. నువ్వు ఎనిమిదో తరగతిల ఉన్నవ్. వరంగల్‌ల చేసిన్రు. మీ నాయిన బస్సుల తీస్కపోయిండు. నీకేమో మీ పెద్దమ్మ ఇంటికి పోయిన అని చెప్పిచ్చిన."

ఆపరేషన్ అని సాయిసుధకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పది రోజులు మాత్రం గుర్తున్నాయి. నాయిన లింగయ్య ఉప్పెక్కువైన పప్పు వండి పెట్టడం, అమ్మ తిరిగొచ్చాక బిందె ఎత్తకపోవడం.

"అంతకుముందు నొప్పి ఉండెనా?"

"ఉండెనా అంటవా? నాట్లకు పోతే ఆ మూడు దినాలు ఒడ్డు మీదనే పండుకునేదాన్ని. దొంగపని అని తిట్టేది మీ నాయనమ్మ."

"మరి నాకెందుకమ్మా ఓర్చుకొమ్మని చెప్పినవ్? పెండ్లయితే తగ్గుతదని?"

కాంతమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"ఇంకేం చెప్పాల్నో తెల్వకపాయె. మా అమ్మ నాకు గదే చెప్పింది. తగ్గుతది తగ్గుతది అని అందరంటుంటే నమ్మిన. నాకు తగ్గకున్నా నమ్మిన బిడ్డా. నీకన్న తగ్గుతదేమో అనుకున్న."

సాయిసుధకు అమ్మ మీద రావాల్సిన కోపం ఎక్కడో దారిలోనే ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ల అమ్మ, కుట్లతో బస్సులో వరంగల్ నుంచి వస్తూ, కూతురికి ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ ఉన్నట్టు కనిపించింది.

"నన్ను కొయ్యరమ్మా ఇప్పుడు. మాత్రలిచ్చిన్రు. చూద్దామన్నరు," అంది.

"మరి సాత్వికకు?"

"దానికి ఇది లేదు. అది వేరే. దానికి ఉత్త మాత్ర చాలట."

"దేవుడున్నడు," అంది కాంతమ్మ. మళ్లీ తనే, "గోలీ ఎయ్యి మరి. నేను ఒద్దన్ననని ఆపకు," అంది.

*

తర్వాతి నెల సాత్వికకు నొప్పి సోమవారం పొద్దున మొదలైంది. పొట్టలో పట్టినట్టు అనిపించగానే వంటింట్లోకి వచ్చి ఆలూ పరాఠా తిని, మాత్ర వేసుకుని, సంచి తగిలించుకుంది. సాయంత్రం వచ్చాక ఎలా ఉందని తల్లి అడిగితే, "దస్ మే సే తీన్," అంది. పదిలో మూడు. వాంతి రాలేదు. స్కూలూ మానలేదు.

పీటీ సారుతో ఆ పిల్ల తనే మాట్లాడింది. తల్లి వస్తానంటే వద్దంది. గ్రౌండులో ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, నాకు జబ్బు లేదు, నొప్పి మాత్రం నిజం. మందు వేసుకుంటే ఆడగలను, ఒక్కోసారి ఆడలేను," అని చెప్పిందట. ఆయన ఇబ్బందిగా విజిలు చేతిలో తిప్పుతూ, "ఠీక్ హై బేటా," అన్నాడట. డిసెంబరులో జోనల్ పోటీలకు వెళ్లే జట్టులో పేరు రాసుకున్నాడు. మ్యాచ్ సరిగ్గా నెలసరి రెండో రోజున పడింది. సాత్విక ఆడింది. జట్టు ఓడిపోయింది. ఇంటికొచ్చి ఓటమి గురించి గంటసేపు విసుక్కుంది తప్ప పొట్ట గురించి ఒక్క మాట కూడా అనలేదు.

సాయిసుధ సంగతి అంత సులువుగా జరగలేదు. మాత్ర మొదలుపెట్టాక రెండు నెలలు చుక్కచుక్కగా బ్లీడింగు ఆగకుండా అవుతూ వచ్చింది. చిన్నదానికి చికాకు. ఒకరోజు చార్జర్ కనపడలేదని ఆదిత్య మీద అరిచి, తర్వాత బాల్కనీలో నిలబడి ఏడ్చింది. మానేద్దామనుకుని డాక్టరుకు ఫోను చేస్తే, ఇవి ముందే ఊహించినవేననీ, ఇంకొక నెల చూద్దామనీ, అప్పటికీ ఇలాగే ఉంటే మందు మారుస్తాననీ చెప్పింది. మానలేదు.

మూడో నెల దాటాక బ్లీడింగు ఆగింది. నొప్పి కూడా ఒక్కరోజులో పోలేదు. వారానికి వారం పలచబడుతూ వచ్చి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. బెంగళూరులో క్లయింటును కలవడానికి రమ్మని ఆఫీసులో అడిగితే వెంటనే సరేనంది. విమానాశ్రయంలో సెక్యూరిటీ వరసలో నిలబడి ఉండగా హఠాత్తుగా గుర్తొచ్చింది, ఈసారి తను తేదీలు లెక్క చూసుకోలేదని. పెళ్లిళ్లూ, ప్రయాణాలూ, ప్రమోషన్ ఇంటర్వ్యూతో సహా అన్నీ ఇరవై ఏళ్లుగా క్యాలెండరు చూసుకునే ఒప్పుకుంది, లేదా తప్పించుకుంది. వెనకున్న ఆయన "మేడమ్, ఆగే బఢియే" అని ముందుకు నడవమనేదాకా ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఆరో నెల స్కానింగులో సిస్టు మూడు సెంటీమీటర్లకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పోకపోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పింది. మందు కొనసాగించాలి, దానివల్ల ఎముకలు బలహీనపడొచ్చు కనుక ఏడాదికోసారి వాటి సంగతి కూడా చూసుకోవాలి, ఆపరేషన్ ఎప్పటికైనా కావచ్చు. సాయిసుధ అన్నీ విని, తనకున్న సందేహాలు ముందే కాగితం మీద రాసుకొచ్చింది కనుక ఒక్కొక్కటే అడిగి జవాబులు రాసుకుంది. ఈసారి ఆమెను ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం కాంతమ్మ ఫోను చేసింది.

"సుధా, ఆ రోగం పేరేందో జర మల్ల చెప్పు."

"ఎందుకమ్మా? నాకు మంచిగనే ఉన్నది."

"నీ కోసం కాదే. మన వెనకింటోళ్ల పిల్ల ఉన్నది గదా, డిగ్రీ చదువుతది. నెలకు అయిదారు దినాలు లేస్తలేదు. దొడ్డికి పోవాలంటే ఏడుస్తున్నదట. వాళ్లమ్మనేమో పెండ్లి చేస్తే పోతదంటున్నది. నేన్జెప్తే ఇంటలేదు. రేపు నేనే తోల్కపోత దవాఖానకు. పేరు తెలిస్తే డాక్టరుకు చెప్తమని."

"పేరు చెప్పకపోయినా ఏం కాదమ్మా. నొప్పి ఎప్పుడు మొదలైతది, ఎన్ని రోజులుంటది, ఎట్లుంటది, అన్నీ ఆ పిల్లనే చెప్పమను. ఏదీ దాచొద్దని చెప్పు."

"గది చెప్తలే. పేరు గూడ రాయి నువ్వు. తెలుగుల, పెద్ద పెద్ద అక్షరాలల్ల రాసి పంపు."

సాయిసుధ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపింది. కొద్దిసేపటికి కాంతమ్మ అద్దాలు పెట్టుకుని చదవడం ఫోనులో వినిపించింది. "ఎండో... మెట్రి... యో..." మధ్యలో ఆగింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.